అరువు తెచ్చుకున్న మాటలు

మాటలు అమ్ముకుని బతికేదాన్ని నేను. నా నవలల్లో ఎంతమంది పోయారో, వాళ్ల కోసం ఎంతమంది ఎన్ని పేజీలు ఏడ్చారో లెక్క పెట్టుకోలేదు. అలాంటి నాకు, పోయినేడు ఒక ఆస్పత్రి వరండాలో, పక్కన కూర్చున్న మనిషికి చెప్పడానికి ఒక్క మాట దొరకలేదు.

ఆవిడ మా ఎదురింటి టీచరుగారు. ముప్పై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరయ్యారు. లోపల ఐ.సి.యు.లో ఉన్నది వాళ్లాయన. వీధిలో మేమంతా ఆయన్ని మాస్టారుగారు అంటాం. కొడుకు అమెరికాలో విమానం ఎక్కాడు, ఇంకా దారిలోనే ఉన్నాడు. రాత్రి రెండయింది. "ఏం ఫరవాలేదండీ, తగ్గిపోతుంది" అన్నాను ఒకసారి. నా మాట నాకే బోలుగా వినిపించింది. ఇంక ఊరుకున్నాను.

కాసేపటికి టీచరుగారు సంచిలోంచి నల్లట్ట పుస్తకం తీసి, కళ్లజోడు సవరించుకుని, పెదవులు మాత్రం కదుపుతూ చదవడం మొదలుపెట్టారు.

"ఏమిటండీ చదువుతున్నారు?"

"దావీదు కీర్తనలమ్మా. ప్రార్థన చేద్దామంటే నోట మాట రావడం లేదు. అందుకని ఆయన మాటలు అరువు తెచ్చుకుంటున్నాను."

పుస్తకం నా వైపు తిప్పి 13వ కీర్తన చూపించారు. ఆరే ఆరు వచనాలు. ఏముంటుందిలే, దేవుడి పొగడ్తే కదా అనుకుని చదివాను. పొగడ్త కాదు. దెబ్బలాట! ఇంకా ఎంతకాలం నన్ను మరిచిపోయి ఉంటావని, ఎంతకాలం ముఖం చాటేస్తావని నాలుగుసార్లు తిప్పి తిప్పి దేవుణ్ణి నిలదీసి అడుగుతున్నాడు ఆ కవి. చప్పున మన రామదాసు గుర్తొచ్చాడు. గోల్కొండ చెరసాలలో కూర్చుని, చేయించిన నగలన్నీ లెక్క చెప్పి మరీ రాముణ్ణి కడిగేసిన మనిషి. ఇంత దూరపు చుట్టరికం ఉందని నాకు అంతవరకూ తెలీదు.

మాస్టారుగారు మూడో రోజు వెళ్లిపోయారు. కొడుకు అందుకున్నాడు, అదొక్కటే ఊరట. కానీ ఆ వరండాలో పుట్టిన సందేహం నన్ను వదల్లేదు. మన దుఃఖం మనది కదా, దానికి ఎవరో ఎప్పుడో అల్లిన మాటలు ఎలా సరిపోతాయి? చదివింది చరిత్ర బి.ఎ. కాబట్టి, అలవాటు కొద్దీ లైబ్రరీకి వెళ్లి కూర్చున్నాను. అక్కడ తెలిసిన సంగతులు మీతో చెప్పుకుందామనే ఇదంతా.

కీర్తనలు మొత్తం 150. యూదులు వీటిని ఐదు భాగాలు చేసుకున్నారు. హీబ్రూలో ఈ పుస్తకం పేరు 'తెహిల్లీం', అంటే స్తుతులు. చిత్రమేమిటంటే, ఇందులో మూడోవంతుకు తక్కువ కాకుండా విలాపాలే! ఏడుపులన్నీ పోగేసి స్తుతులని పేరు పెట్టడంలో ఆ పెద్దవాళ్ల ఉద్దేశం ఏమిటో గాని, ఎవరితోనైనా మొర పెట్టుకుంటున్నామంటే ఆ మనిషి వింటాడన్న నమ్మకం ఉన్నట్టే కదా!

మన క్రైస్తవ కుటుంబాల్లో దావీదు కీర్తనలు అనే అంటారు గాని, దావీదు రాజు పేరు 73 కీర్తనలకే ఉంది. ఆసాపు అని ఒకరు, కోరహు కుమారులని ఒక గాయకుల వంశం, ఒకదానికి మోషే, ఇంకా బోలెడన్నింటికి అసలు ఏ పేరూ లేదు. కొన్ని వందల ఏళ్లలో, ఎందరి నోళ్లలోనో నలిగి, చివరికి ఒక పుస్తకంలో చేరిన పాటలివి. 71 చోట్ల మధ్యలో 'సెలా' అని ఒక మాట ఉంటుంది. తెలుగు బైబిల్లోనూ దాన్ని అలాగే ఉంచేశారు. వాద్యగాళ్లకు గుర్తో, కాసేపు ఆగమని సూచనో, పండితులు ఇప్పటికీ తేల్చలేదు. "నాకైతే అది ఊపిరి పీల్చుకోమని చెప్పడమే" అన్నారు టీచరుగారు.

మన పద్యానికి యతీ ప్రాసా ఉన్నట్టు ఈ పాటలకు ఏముందా అని చూశాను. అక్కడ ప్రాస అక్షరానికి కాదు, భావానికి. మొదటి పాదంలో చెప్పిన సంగతిని రెండో పాదం వేరే మాటల్లో మళ్లీ చెబుతుంది. 'అమ్మ పిలిచింది, కన్నతల్లి కేకేసింది' అన్నట్టన్నమాట. ఒక్కోసారి దానికి ఎదురు చెబుతుంది. ఈ పద్ధతిని ఆక్స్‌ఫర్డ్ ఆచార్యుడు రాబర్ట్ లౌత్ 1753లో అచ్చువేసిన ఉపన్యాసాల్లో విడమరిచి చెప్పాడు. ఈ గుణమే ఈ పాటలకు కలిసొచ్చింది. అక్షరం మీద కట్టిన అందం భాష మారితే జారిపోతుంది. భావం మీద కట్టింది గ్రీకులోకి వెళ్లినా, లాటిన్‌లోకి వెళ్లినా, తెలుగులోకి వచ్చినా ఎంతో కొంత నిలబడుతుంది. పైగా, ఒకరు ఒక పాదం అంటే రెండోవాళ్లు దానికి జోడు అందుకోవచ్చు. ఆ తరవాత మఠాల్లో సన్యాసులు రెండు వరసలుగా ఎదురెదురు నిలబడి పాడింది ఇలాగే.

ఇంతకీ ఇవి మొదట ఎక్కడ పాడారు? జెరూసలేం దేవాలయంలో. లేవీయులని ఒక వర్గం వాళ్ల పని అదే. వారానికి ఏడు రోజులు, రోజుకో కీర్తన. ఆదివారం 24వది, సోమవారం 48వది, అలా సాగి సబ్బాతు అనే శనివారం నాడు 92వది. పండగలకు యాత్ర వచ్చేవాళ్లతో ముడిపడ్డ కీర్తనలు 120 నుంచి 134 వరకు పదిహేనున్నాయి. దాదాపు అన్నీ చిన్న చిన్నవి. నడుస్తూ పాడుకోవడానికి వీలుగా ఉంటాయి.

ఆ దేవాలయం రెండుసార్లు కూలింది. క్రీ.పూ. 586లో బాబిలోన్ రాజు నెబుకద్నెజరు మొదటిదాన్ని తగలబెట్టి జనాన్ని చెర పట్టుకుపోయాడు. ఆ చెరలో పుట్టిన ఏడుపు 137వ కీర్తన. నా చిన్నప్పుడు మా మావయ్య టేప్ రికార్డర్‌లో బోనీ ఎమ్ వాళ్ల పాట ఒకటి తెగ మోగేది. 1978లో వచ్చింది. పిల్లలమంతా దానికి గంతులేసేవాళ్లం. అది ఈ కీర్తనే! సొంత ఊరు పోగొట్టుకుని, పరాయి దేశపు నదుల పక్కన వీణలు చెట్టుకు తగిలించేసి కూర్చున్నవాళ్ల శోకానికి మేం చప్పట్లు కొట్టామన్నమాట.

తిరిగొచ్చి కట్టుకున్న రెండో దేవాలయాన్ని క్రీ.శ. 70లో రోమన్ సేనాని టైటస్ నేలమట్టం చేశాడు. దోచుకున్న ఏడు కొమ్మల దీపస్తంభాన్ని సైనికులు మోసుకుపోతున్న దృశ్యం రోములో టైటస్ తోరణం మీద ఇప్పటికీ చెక్కి ఉంది. బలిపీఠం పోయింది, బలులు పోయాయి, లేవీయుల కొలువు పోయింది. సైనికులు మోసుకుపోలేనివి పాటలొక్కటే. అవి జనం నోళ్లలో ఉన్నాయి. ఈనాటికీ యూదుల ఉదయ ప్రార్థనలో, ఇది వారంలో ఫలానా రోజు, ఈ రోజు దేవాలయంలో లేవీయులు ఈ కీర్తన పాడేవారు అని ముందు చెప్పుకుని, ఆ కీర్తన చదువుతారు. లేని గుడికి పందొమ్మిది వందల ఏళ్లు దాటినా రోజు తప్పకుండా కైంకర్యం జరుగుతోంది!

ఏసుక్రీస్తు పుట్టుక చేత యూదుడు. ఆయన నేర్చుకున్నవీ ఈ పాటలే. సిలువ మీద, చెయ్యి విడిచిపెట్టావేమని దేవుణ్ణి అడిగిన ఆ కేక 22వ కీర్తన మొదటి మాటే. దేవుని కుమారుడని క్రైస్తవులు కొలిచే మనిషే ఆఖరి ఘడియలో పాత పాటను అందుకున్నాడంటే, ఇంక మామూలు వాళ్ల మాటేమిటి? ఆయన శిష్యులూ, వాళ్ల తరవాతివాళ్లూ ఈ పుస్తకాన్ని ఉన్నదున్నట్టుగా తమ ప్రార్థనలోకి తెచ్చుకున్నారు.

నా సందేహానికి జవాబు దొరికింది నాలుగో శతాబ్దంలో. ఈజిప్టులో అలెగ్జాండ్రియా బిషప్పు అథనేసియస్, మార్సెల్లినస్ అనే స్నేహితుడికి ఒక ఉత్తరం రాశాడు. దాని సారం ఏమిటంటే, గ్రంథంలో మిగతా భాగాలు చదివేటప్పుడు ఎవరో చేసినవీ ఎవరో చెప్పినవీ వింటున్నాం అనిపిస్తుంది. కీర్తనల దగ్గర మాత్రం చదివేవాడు తన మాటే తాను చెబుతున్నట్టుంటుంది, అవి అద్దంలాంటివి, అందులో మన మనసు మనకు కనబడుతుంది అని. ఆ తరవాత కాసియన్ అనే సన్యాసి ఇంకో మెట్టు ఎక్కాడు. చదవగా చదవగా, ఆ కీర్తన తానే అప్పటికప్పుడు కట్టినట్టుగా వస్తుందట. అరువు చీర కట్టగా కట్టగా మన ఒంటి తీరుకు వచ్చేసినట్టు, అని నేను చెప్పుకున్నాను.

ఆ కాలంలోనే పౌలా అని రోములో గొప్పింటి ఆడపడుచు ఉండేది. ఐదుగురు పిల్లల తల్లి. చిన్నతనంలోనే భర్త పోయాడు. 384లో బ్లేసిల్లా అనే కూతురూ పోయింది. మరుసటేడు ఆవిడ యూస్టోకియం అనే ఇంకో కూతుర్ని వెంటపెట్టుకుని ఓడెక్కి, చివరికి బెత్లెహేములో స్థిరపడి మఠాలు కట్టించింది. ఒడ్డున చిన్న కొడుకు చేతులు చాచి బతిమాలుతున్నా వెనక్కి చూడలేదని, ఆమె గురువు జెరోమ్ మెచ్చుకుంటూ రాశాడు. మనలో మన మాట, అక్కడ నాకు మండుకొచ్చింది. ఆ పిల్లాడి వైపునుంచి ఎవరూ రాయలేదు కదా! కానీ తరవాతి పేజీల్లో ఆవిడ మీద కోపం నిలవలేదు. ఆ వయసులో కూర్చుని హీబ్రూ నేర్చుకుందట, కీర్తనల్ని వాటి సొంత భాషలో పాడాలని. లాటిన్ యాస ఇసుమంతైనా తగలకుండా పాడేదని, హీబ్రూ కోసం తాను పడ్డ పాట్లు తలుచుకుని జెరోమే ఆశ్చర్యపోయాడు. ఆమె మఠంలో ఆడవాళ్లు పొద్దున మొదలు అర్ధరాత్రి వరకు ఆరు వేళల్లో కీర్తనలు పాడేవారు. కీర్తనలు రాని ఆడమనిషి అక్కడ ఉండడానికి వీల్లేదు. 404లో పౌలా కన్నుమూసినప్పుడు గ్రీకులో, లాటిన్‌లో, సిరియాక్‌లో కూడా కీర్తనలు పాడుతూ సాగనంపారు. ఆ కొడుకు రోములో పెరిగి పెద్దవాడయ్యాడు, పెళ్లి చేసుకున్నాడు. అతని కూతురు, నాయనమ్మ పేరే పెట్టుకున్న మరో పౌలా, చివరికి ఆ బెత్లెహేముకే చేరింది.

ఇంకొకరు అగస్టీన్. ఒకప్పుడు వాగ్ధాటి నేర్పడమే ఆయన ఉద్యోగం. జీవితమంతా రాసిన గ్రంథాలకు లెక్కలేదు. 430లో ఉత్తర ఆఫ్రికాలో ఆయన ఊరు హిప్పోను వాండల్ సైన్యాలు చుట్టుముట్టి ఉండగా, ఆయన మంచాన పడ్డాడు. అప్పుడేం చేశాడో తెలుసా? పశ్చాత్తాపపు కీర్తనలు కొన్ని రాయించి, పడుకున్నచోటికి కనబడేలా గోడకు పెట్టించుకున్నాడు. వైద్యుల్నీ, భోజనం తెచ్చేవాళ్లనూ తప్ప ఎవర్నీ రానివ్వవద్దని చెప్పి, వాటిని చదువుకుంటూ కన్నీళ్లు పెట్టుకునేవాడని ఆయన శిష్యుడు పొసీడియస్ రాశాడు. ఇది చదివి నాకు చెప్పలేనంత ఊరట కలిగింది. ఆయనకే సొంత మాటలు చాలకపోతే, ఆ వరండాలో నేను మూగపోవడం పెద్ద తప్పేం కాదు.

ఆ తరవాత శతాబ్దంలో ఇటలీలో బెనెడిక్ట్ తన మఠాలకు నియమం పెట్టాడు. వారంలో 150 కీర్తనలూ పూర్తి కావాలి. పాతకాలం వాళ్లు ఇవన్నీ ఒక్కరోజులో పాడేవారట, మనం బద్ధకస్తులం, వారానికైనా పూర్తి చేద్దాం అని ఆయన దెప్పిపొడుపు కూడా ఉంది అందులో!

మఠాల గోడల బయట, ఇళ్లల్లో కూడా ఈ పాటల పని ఎంతో ఉంది. యూరప్ యూదుల ఇళ్లల్లో పురిటిగదిలో 121వ కీర్తన రాసిన కాగితం గోడకు అంటించేవారు, తల్లీబిడ్డలకు రక్షగా. మన పురిటింటి గుమ్మానికి వేపమండలు కట్టినట్టు. రాత్రంతా కునుకు తియ్యకుండా కాపలా కాసే దేవుడి గురించిన పాట అది. కునుకు తియ్యడానికి వీల్లేని బాలింతకు అంతకన్నా దగ్గరి పాట ఏముంటుంది?

ఇంగ్లండులో మేరీ సిడ్నీ కథ మరీ నన్ను కట్టేసింది. ఆవిడ అన్న ఫిలిప్ సిడ్నీ పేరుమోసిన కవి. కీర్తనల్ని ఇంగ్లీషు పద్యాలుగా రాస్తూ 43 పూర్తి చేశాడు. 1586లో యుద్ధంలో గాయపడి పోయాడు. అప్పటికి చెల్లెలికి పాతికేళ్లు నిండలేదు. అదే ఏడు అమ్మా నాన్నా కూడా పోయారు. ఆవిడ ఏం చేసిందంటే, అన్న ఆపిన చోట కలం పట్టుకుని, మిగిలిన 107 కీర్తనలూ తాను రాసింది. ఒకదాని ఛందస్సు ఇంకోదానికి రాకుండా చూసుకుంటూ ఏళ్లతరబడి కూర్చుంది. ఎలిజబెత్ రాణికి ఇద్దామని 1599లో మంచి ప్రతి సిద్ధం చేయించింది. ఆ పద్యాలు చేతిరాతలోనే పదిమందికీ తిరిగాయి. అచ్చులోకి వచ్చింది మాత్రం 1823లో, ఆవిడ పోయిన రెండు వందల ఏళ్లకు. అన్నకోసం విడిగా కూర్చుని ఏడ్చిందో లేదో గాని, 107 కీర్తనల మేర ఏడ్చిందనుకుంటాను.

అంతా మధురంగా ఉందనుకునేరు. కాదు. ఇందాక చెప్పిన 137వ కీర్తన చివర, శత్రువుల పసిపిల్లల్ని రాళ్లకేసి కొట్టేవాడు ధన్యుడంటుంది. మేం గంతులేసిన పాటలో ఆ ముక్క లేదు లెండి. పగ, శాపనార్థాలు ఈ పుస్తకంలో చాలానే ఉన్నాయి. 1971లో కాథలిక్కులు తమ నిత్య ప్రార్థనల పుస్తకాన్ని కొత్తగా కూర్చినప్పుడు 58, 83, 109 కీర్తనల్ని పూర్తిగా పక్కన పెట్టేశారు. మరికొన్నింట్లో కొన్ని వచనాలు తీసేశారు. ఇంత పవిత్రమైన పుస్తకంలో ఆ విషం ఎందుకని టీచరుగారినే అడిగాను.

"మనసులో లేకుండా పోతుందా అమ్మా? ఆయనతో చెప్పేసుకుంటే పక్కవాడి మీదికి పోకుండా ఉంటుంది" అన్నారు.

ఆ మాటతో నేను పూర్తిగా సమాధానపడలేదు. పసిపిల్లల మాట నోట రాకూడదనే ఇప్పటికీ నా పట్టుదల. కానీ అవి రాసినవాళ్ల పిల్లలకు బాబిలోన్ సైనికుల చేతిలో ఏం జరిగి ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

చివరగా మన కాలంలో జరిగిన ఒక్క సంగతి చెప్పాలి. సోవియట్ రష్యాలో అనతోలీ షరాన్‌స్కీ అనే యువకుడికి 1974 జులైలో పెళ్లయింది. మరునాడే భార్య అవితాల్ ఇజ్రాయెల్ వెళ్లిపోవాల్సి వచ్చింది, వీసా గడువు ముగుస్తోందని. వెనకే వస్తానన్న భర్తను 1977లో అరెస్టు చేసి, గూఢచారి అని పదమూడేళ్ల శిక్ష వేశారు. భార్య పంపిన అరచెయ్యంత కీర్తనల పుస్తకం జైల్లో ఆయన ఆస్తి. హీబ్రూ అంతంతమాత్రం. తండ్రి పోయాడన్న కబురు లోపల అందినప్పుడు, ఒక్కొక్క మాటే కూడబలుక్కుంటూ 150 కీర్తనలూ చదవడానికి పూనుకున్నాడు. పుస్తకం లాక్కోవడం, దానికోసం ఆయన పోరాడడం, మళ్లీ ఇవ్వడం, ఇదే జైలు జీవితం. 1986 ఫిబ్రవరి 11న విడుదల. అంతకుముందు విమానం ఎక్కించే చోట పుస్తకం ఇవ్వమని అడిగితే కుదరదన్నారు. ఆయన మంచులో పడుకుండిపోయాడు. పుస్తకం చేతిలో పెడితేనే లేచాడు! తొమ్మిదేళ్ల చెర తరవాత స్వేచ్ఛ నాలుగడుగుల దూరంలో ఉండగా, ఆ చిన్న పుస్తకం లేకుండా కదలనన్నాడు. ఆ సాయంత్రానికి భార్యాభర్తలు కలుసుకున్నారు. దాదాపు పన్నెండేళ్లకు.

ఇవన్నీ పోగేసుకుని టీచరుగారికి చెప్పడానికి వెళ్లాను. అన్నీ విని, "నాకివేమీ తెలీవమ్మా" అన్నారు నెమ్మదిగా. "మాస్టారు పోయాక నలభై రోజులు నేను చదివింది 88వ కీర్తన ఒక్కటే."

ఇంటికొచ్చి తీసి చూశాను. ఉన్న విలాపాలన్నింట్లోనూ కటికచీకటి అదే. మిగతావి చివరికొచ్చేసరికి కాస్త తేరుకుంటాయి, ఆశ మాట ఏదో పలుకుతాయి. ఇది అలా పలకదు. చీకట్లోనే మొదలై చీకట్లోనే ముగుస్తుంది. మర్నాడు అడిగాను, అంత దిగులు పాట అన్నాళ్లెలా చదివారని.

"వచ్చినవాళ్లంతా ఏడవొద్దన్నారు. అదొక్కటే అనలేదు" అన్నారు.

ఇప్పుడు మళ్లీ వరసలో పడ్డారు. రోజుకు ఐదు చొప్పున నెలకు 150. ఇంగ్లండు వారి ప్రార్థనల పుస్తకంలో ముప్పై రోజుల పద్ధతి ఉంది. యూదులకూ నెల రోజుల వరస ఒకటుంది.

మొన్న మా అమ్మాయికి ఇంజినీరింగులో సీటొచ్చిందని మిఠాయి పట్టుకుని వెళ్లాను. ఆవిడ పుస్తకం ముందు పెట్టుకుని కూర్చున్నారు. తేదీ 18. అంటే 86 నుంచి 90 వరకు. వేలు 88 మీద ఉంది.

"మళ్లీ అదేనా? ఇవాళ సంతోషంగా ఉన్నారనుకున్నానే!"

"సంతోషంగానే ఉన్నానమ్మాయ్. కానీ ఇవాళ వంతు దానిది. మనకు కావలసినవే ఏరుకుంటే ఎలా? నాకు అక్కర్లేకపోతే ఇంకొకరికి కావాలి. ఆస్పత్రి వరండాలో ఎవరో ఒకరు ఉండనే ఉంటారుగా, నోట మాట రాకుండా."

ఆవిడ మిగిలిన రెండు వచనాలూ చదివి పుస్తకం మూసేదాకా ఆగి, అప్పుడు మిఠాయి పొట్లం విప్పాను.